నృగుడి ఆవు

మా అన్నయ్యకూ నాకూ నెల రోజులుగా ఫోన్లో ఒకటే వాదన. మొదలైంది పుల్లమజ్జిగ దగ్గర.

నేను రిటైరైన తెలుగు టీచర్ని. ఉద్యోగం అయిపోయాక హైదరాబాదులో మా డాబా మీద పాత పెయింటు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో మొక్కలు పెట్టాను. అది 2014. మరుసటేడు ఒక మిద్దెతోటల గ్రూపులో చేరాను. ఏ కంపెనీ పంచలో నడిచే గ్రూపో చెప్పను, చెప్పినా చెప్పకపోయినా కథ ఒకటే. అక్కడ నేను రాసిన జవాబులు మా మనవడు లెక్కపెడితే నాలుగు వేల పైచిలుకు తేలాయి. పిండినల్లికి వేపనూనె ఏ వేళప్పుడు కొట్టాలి, ఏ వేళ కొడితే ఆకు మాడుతుంది, టమాటా పూత ఎందుకు రాలుతుంది, ఎర్రమట్టి ఎంత, మాగిన పేడ ఎంత... ఇవే. చాలామంది నన్ను "టీచర్ గారూ" అనేవారు. కొందరు పిల్లలు చొరవగా "అమ్మమ్మా" అనేవారు.

అన్నిటికంటే ఎక్కువసార్లు రాసింది కరివేపాకు గురించి. లేతాకు ఈనెలు పచ్చగానే ఉండి మధ్యంతా పసుపు తిరిగిందంటే మొక్కకు ఇనుము అందడం లేదన్నమాట. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం పాలు ఎక్కువైన మట్టిలో అది ఉండీ వేరుకు దక్కదు. మజ్జిగ పులిసేకొద్దీ ఆమ్లం పెరుగుతుంది. అందులో నాలుగు తుప్పుమేకులు వేసి, నాలుగు రోజులు మూతపెట్టి, ఒకటికి పది పాళ్ళు నీళ్ళు కలిపి, పొద్దువాలాక మొదట్లో పొయ్యమనేదాన్ని. చివర ఒక మాట తప్పకుండా చేర్చేదాన్ని: "ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకుంటారు, పట్టించుకోకండి."

పోయిన సంక్రాంతికి మనవడు నా ఫోన్లో జవాబులు చెప్పే యంత్రమొకటి పెట్టి, ఏదైనా అడుగు అమ్మమ్మా అన్నాడు. పరీక్ష పెడదామని కరివేపాకు గురించే అడిగాను. పుల్లమజ్జిగ, ఇనప మేకులు, నాలుగు రోజులు, ఒకటికి పది, సాయంత్రం పూట. అడుగున ఇంకో వాక్యం: ఆ వాసన ఇంట్లోవాళ్ళకు ఇబ్బంది కలిగించవచ్చు, కంగారుపడనక్కర్లేదని.

ఒళ్ళు జలదరించింది. అది నాదేనని చెప్పడానికి రుజువేమీ లేదు. పుల్లమజ్జిగ వైద్యం నేను కనిపెట్టింది కాదు, మా మేనత్త చెప్పింది. ఆవిడకెవరు చెప్పారో. మేకుల సంగతి ఊరూరా తెలిసిందే. అయినా మందలో మన దూడ అరిస్తే తల తిప్పి చూస్తామా లేదా? అలా తిప్పాను.

మనవడు నవ్వాడు. "చేరేటప్పుడు ఒప్పుకుంటున్నానని నొక్కావు కదా అమ్మమ్మా, అందులో అన్నీ రాసే ఉంటాయి" అన్నాడు. నొక్కాను, నిజమే. నాకు వెంటనే మా నాన్నగారు, ఆయన చెప్పిన నృగ మహారాజు గుర్తొచ్చారు.

నాన్నగారు కోనసీమలో మా ఊరి శివాలయం మండపంలో కార్తీకమంతా పురాణం చెప్పేవారు. భాగవతం దశమ స్కంధంలో నృగుడి కథ వచ్చిన రోజు పిల్లలందరినీ ముందుకు జరిపి కూర్చోబెట్టేవారు. నృగుడు మహాదాత. కొమ్ములకు బంగారం, గిట్టలకు వెండి తొడిగి లెక్కలేనన్ని ఆవుల్ని దానమిచ్చాడు. అలా ఒక బ్రాహ్మడికిచ్చిన ఆవు ఒకటి తప్పిపోయి మళ్ళీ రాజుగారి మందలోనే కలిసిపోయింది. ఆయనకు తెలియలేదు. ఇంకో బ్రాహ్మడికి దానమిచ్చేశాడు. ఆవును తోలుకుపోతుంటే మొదటాయన ఎదురుపడి ఇది నాదన్నాడు. కాదు, రాజు నాకిచ్చాడని రెండో ఆయన. ఇద్దరూ కొలువుకొచ్చారు. ఈ ఒక్క ఆవు వదులుకోండి, బదులు లక్ష ఆవులిస్తానని రాజు కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఇద్దరూ వద్దని వెళ్ళిపోయారు. నృగుడు పోయాక యముడు, పాపం ముందు అనుభవిస్తావా, పుణ్యమా అనడిగితే పాపమే ముందన్నాడు. ఊసరవెల్లి అయి బావిలో పడి ఉన్నాడు. ఆటకు వెళ్ళి, దాహమేసి బావిలోకి తొంగిచూసిన యాదవ కుర్రాళ్ళు తాళ్ళు కట్టి లాగినా రాలేదు, కృష్ణుడొచ్చి ఎడమచేత్తో తీశాడు.

అక్కడ ఆపి నాన్నగారు మమ్మల్ని అడిగేవారు: "తప్పెవరిది?" ఆవుదని ఒకడు, కాపలావాడిదని ఇంకొకడు.

మాకా ప్రశ్న ఉత్త పురాణం కాదు. ఒక వేసవిలో మా ఆవు కపిలను కాలవ అవతలి రైతుకు అమ్మారు. మూడో నాడు తెల్లవారుజామున అది తెగిన పలుపు ఈడ్చుకుంటూ వచ్చి, మా పాకలో తన గాటి దగ్గరే నిలబడింది. మా అమ్మ ఏడుస్తూనే కుడితి పెట్టింది. నాన్నగారు అది తాగడం అయ్యేదాకా పక్కనే కూర్చుని, తర్వాత భుజాన గడ్డిమోపు వేసుకుని కపిలను నడిపించుకుంటూ వెళ్ళి అప్పగించి వచ్చారు. డబ్బు వెనక్కిచ్చి ఉంచేసుకోవచ్చు కదా అని అన్నయ్య అడిగాడు. "దానికి తెలీక వచ్చిందిరా. నాకు తెలుసుగా" అన్నారు.

ఇప్పుడు మా రాతలన్నీ కపిల లాగే కంపెనీ పాకలో ఉన్నాయి. వాటికా దారి తప్ప ఇంకో దారి లేదు. ఎవరో అర్ధరాత్రి మొక్క చచ్చిపోతోందని అడిగితే, నేను ఆ మనిషికి ఇచ్చాను. ఇచ్చే చోటు కంపెనీ వాకిలి కావడం వల్ల ఆవు వాళ్ళ మందలోనూ కనబడుతోంది. దాన్ని మరొకరికి తోలుతున్నారు. పెద్దవాళ్ళ లెక్కలు పెద్దవి. 2024 ఫిబ్రవరిలో, జనం చేరి మాట్లాడుకునే రెడిట్ తన సభ్యుల రాతలను యంత్రాలకు పాఠంగా గూగుల్‌కు ఇచ్చేటట్టు ఒప్పందం చేసుకుంది. ఏడాదికి సుమారు 6 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. అదే ఏడాది మే నెలలో, ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో, ఇలాంటి యంత్రాలు తయారుచేసే ఓపెన్‌ఏఐతో చేతులు కలిపింది. కడుపు మండి కొందరు తాము రాసిన జవాబులు తామే చెరిపేస్తే, వాటిని మళ్ళీ పెట్టి, ఆ మనుషుల ఖాతాలను కొన్నాళ్ళు ఆపేశారు. చట్ట ప్రకారం కంపెనీదే పైచెయ్యి. అక్కడ రాసిన ప్రతిదీ ఎవరైనా వాడుకోవచ్చు, రాసినవాళ్ళ పేరు చెప్పాలి, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోకూడదు అన్న షరతు మీదే రాశారు. ఆ పేరు చెప్పడమన్న ముక్క యంత్రం నోట్లో ఎక్కడ కరిగిపోతుందో మా మనవడు కూడా చెప్పలేకపోయాడు.

ఇదంతా అన్నయ్యకు చెప్పాను. నాన్నగారి పీట మీద ఇప్పుడు ఆయనే కూర్చుని పురాణం చెబుతున్నాడు. అంతా విని, "ముందు నువ్వు నృగుడివా, బ్రాహ్మడివా, ఆవువా తేల్చుకోవే" అన్నాడు. తరవాత గట్టిగానే తగులుకున్నాడు. దానమిచ్చేటప్పుడు "న మమ" అంటాం, నాది కాదు అని. ఆ మాట అన్నాక ఆవు ఎవరి పాకలో ఉంటే నీకెందుకు? నీకు కావలసింది పుణ్యం కాదు, పేరు. పైగా ఆవు ఒకరికిస్తే ఇంకొకరికి ఉండదు. విద్య అలా కాదే, ఎంతమందికిస్తే అంత పెరుగుతుంది. నీ మజ్జిగ పదికోట్ల మందికి చేరితే సంతోషించాలి గానీ ఏడుస్తావేం?

రెండు రోజులు జవాబు తోచలేదు. పేరు మాట గుచ్చుకుంది, అందులో కొంత నిజముంది కాబట్టే.

మూడో రోజు కుండీలకు నీళ్ళు పోస్తూ ఉంటే తట్టింది. నృగుడి కథలో ఫిర్యాదు చేసింది ఇచ్చినవాడు కాదు, పుచ్చుకున్నవాడు. నేను "న మమ" అన్నాను, నిజమే. నాది కాదన్నాను గానీ, పాక యజమానివయ్యా నీదీ అనలేదు. అది అడిగినవాళ్ళది. అడగడానికి సిగ్గుపడి, ఊరికే చదివి వెళ్ళిపోయినవాళ్ళది. నష్టం లెక్క వాళ్ళ వైపునుంచి వెయ్యాలి. ఇప్పుడు మా గ్రూపు తెరిస్తే ముందు చీరల ప్రకటన, తర్వాత ఎవరో తెలియనివాళ్ళ డాన్సు, ఆ తర్వాత మూడు రోజుల కిందటి ప్రశ్న ఒకటి, జవాబు లేకుండా. ఎవరు ముందడిగితే వాళ్ళది ముందు కనబడే వరస పోయి చాలాకాలమైంది. కోరీ డాక్టరో అనే రచయిత 2022లో ఈ వ్యవహారానికో పేరు పెట్టాడు. మాట కొంచెం మోటు, టీచర్ని కాబట్టి తెలుగు చెయ్యను. ముందు జనాన్ని మంచి చేసుకుంటారు, తర్వాత జనాన్ని చూపించి వ్యాపారుల్ని మంచి చేసుకుంటారు, ఇద్దరూ కదల్లేరని తెలిశాక ఇద్దరినీ పిండుకుంటారని ఆయన చెప్పే వరస. అడిగేవాళ్ళూ తగ్గారు, నేరుగా యంత్రాన్నే అడుగుతున్నారు. స్టాక్ ఓవర్‌ఫ్లోలోనూ కొత్త ప్రశ్నలు బాగా తగ్గిపోయాయట.

విద్య ఇస్తే పెరుగుతుందన్నది ఒప్పుకుంటాను అన్నయ్యా, కానీ అడిగే మనిషీ చెప్పే మనిషీ ఎదురుపడే చోటు పెరగదు, అది ఆవులాగే ఒక్కటే అన్నాను. గీత పదిహేడో అధ్యాయంలో దానానికి దేశం, కాలం, పాత్ర చూడమన్నది కూడా గుర్తుచేశాను, ఆయన నేర్పిన పాఠమే. పాత్ర చూడాలంటే ఎదుట మనిషి ఉండాలి కదా. ఆయన ఊఁ అని, "మరి నువ్వు రాయడం మానేస్తావా?" అన్నాడు.

మానేద్దామనే అనుకున్నాను. వారం రోజులు తెరవలేదు. మొన్న రాత్రి ఎందుకో తెరిస్తే ఒక ప్రశ్న కనబడింది. డాలస్‌లో ఉండే అమ్మాయి. చలికి కరివేపాకు కుండీని గరాజులోకి మార్చిందట, ఆకులన్నీ పసుపెక్కి రాలుతున్నాయట. "ఫోన్లో అడిగితే పుల్లమజ్జిగ, మేకులు అని చెప్పింది ఆంటీ, పొయ్యనా?"

నా ఆవే నా మీదికి కొమ్ము విసిరినట్టయింది. చలికాలంలో కరివేపాకు నిద్రపోతుంది, నీళ్ళే సరిగ్గా తాగదు. గరాజు చీకట్లో, తడి కుండీలో మజ్జిగ కూడా పోస్తే వేరు కుళ్ళిపోతుంది.

"వద్దమ్మా. ముందు మట్టిలో వేలు రెండు కణుపులు దించి చూడు. తడిగా ఉందా?" అని రాశాను.

పావుగంటకు ఫొటో వచ్చింది. మొక్కది కాదు, వేలుది. గోరు నిండా నల్ల బురద.