'లేదు' - 'చూడలేదు'

బ్యాంకు తనిఖీ నివేదికలో రెండు మాటలకు చాలా తేడా ఉంది. ఒకటి 'లేదు', రెండవది 'చూడలేదు'. నగదు లెక్కపెట్టకుండానే 'తేడా లేదు' అని రాసినవాడు దొంగ కాకపోవచ్చు. కాని అబద్ధం రాసినట్టే. ముప్పై ఏళ్ళుగా కాగితాల మీద పాటించిన ఈ నీతిని ఒక మనిషి మంచం దగ్గర నేను తప్పాను.

ధర్మాబాదులో కిరాణా దుకాణం నడిపే మా బావకు మెదడులో రక్తనాళం చిట్లింది. నాందేడు తెచ్చి ఒక ఆసుపత్రిలో చేర్పించాము. రక్తపోటు అదుపులోకి వచ్చినా స్పృహ రాలేదు. మూడవనాడు ఐ.సి.యు. లోపలికి వెళ్ళి వచ్చిన అక్క, "తమ్మీ, బావ కన్రెప్ప ఆగి ఆగి కొట్టుకుంటున్నది. చూపు ఒక్క దిక్కే పోతున్నదిరా" అన్నది.

"నీకు అట్లనే అనిపిస్తదక్కా. ఏం లేదు. డాక్టర్లకు తెల్వదా?" అన్నాను. లోపలికి వెళ్ళి చూడకుండానే అన్నాను.

మర్నాడు అక్క నన్ను అడగలేదు. తనకు వచ్చిన నాలుగు మరాఠీ ముక్కలతో రాత్రి డ్యూటీ కుర్ర డాక్టరుకు చెప్పుకున్నది. అతను కాసేపు మంచం పక్కన నిలబడి చూశాడు. పెద్ద డాక్టరును అడిగి ఇ.ఇ.జి. తీయించాడు. కదలకుండా పడుకున్న మనిషి మెదడులో మూర్ఛ నడుస్తున్నదని ఆ గీతలు చెప్పాయి.

మూర్ఛ అంటే కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ రావడం అనే మనకు తెలుసు. మెదడు దెబ్బతిన్న రోగిలో ఆ గుర్తులేవీ లేకుండానే మూర్ఛ రావచ్చు. కన్రెప్ప అదరడం, పెదవి మూల కదలడం, చూపు ఒకవైపే నిలిచిపోవడం - ఒక్కోసారి అదీ ఉండదు. అలాగని అదిరిన ప్రతి రెప్పా మూర్ఛ కాదు. తేల్చి చెప్పేది మెదడులోని విద్యుత్తును గీతలుగా రాసే ఇ.ఇ.జి.యే. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు నుంచి ఆ గీతలు తీశాడు. 2004లో న్యూయార్కు కొలంబియా వైద్యులు ప్రకటించిన పరిశీలనలో, ఎడతెగకుండా ఇ.ఇ.జి. పెట్టిన 570 మందిలో 110 మందికి మూర్ఛ బయటపడింది. వారిలో 101 మందికి పైకి ఏ కుదుపూ లేదు. అరగంట పరీక్షకు దొరకనిది రోజంతా పెడితే దొరకవచ్చు.

"ప్రతి మంచానికీ యంత్రం ఎక్కడిది? ఆ గీతలు చదివేవారు ఎక్కడున్నారు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. లేమి పాపం కాదు. ఉన్న ఒక్క యంత్రం ముందు ఎవరికి పెట్టాలన్నది వైద్యుని ధర్మసంకటం. నాకు ఆ సంకటం కూడా లేదు. నాకు ఖర్చయ్యేది పది అడుగుల నడక, అయిదు నిమిషాల కాలం. చూడలేనప్పుడు 'చూడలేదు' అనడం నిజాయితీ. చూడకుండా 'లేదు' అనడం నోరులేనివాని తరఫున మనం సంతకం పెట్టడం. అతడు ఫిర్యాదు చేయలేడు గనుక మన బాధ్యత తగ్గదు, పెరుగుతుంది.

మందులు మార్చారు. నెల తర్వాత బావ ఇల్లు చేరాడు. కుడి చెయ్యి లేవదు, మాట తడబడుతుంది. నా మాట వల్ల పోయిన ఆ ఒక్క రోజుకు ఇందులో వాటా ఎంతో ఏ లెక్కల పుస్తకమూ చెప్పదు. ఆయన పూర్తిగా కోలుకున్నా నా తప్పు తప్పే. అక్క ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆమె ఫోనులో ఏదైనా అడిగితే, "ఇంకా చూడలేదక్కా, చూసి చెప్త" అంటున్నాను.