గోడమీది బొమ్మ – గుమ్మములోని మనిషి

ఒక వీధిలో పలు జాతులవారు, పలు భాషలవారు కలసి బ్రదుకుచున్నప్పుడు, వారి జీవితములను ఆ వీధి గోడలమీదనే చిత్రించి గౌరవించుట మంచి పని. అందు సందేహము లేదు. కాని బొమ్మకు చేసిన గౌరవముతో మనిషికి చేయవలసిన గౌరవము తీరిపోవునా? ఇది ధర్మవిచారమునకు తగిన ప్రశ్న.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున మిషన్ అను పేట గలదు. మెక్సికోనుండియు, మధ్య అమెరికా దేశములనుండియు వలసవచ్చిన శ్రామిక కుటుంబములు అనేక దశాబ్దులుగా అందు నివసించుచున్నవి. అచ్చట 24వ వీధికిని 25వ వీధికిని నడుమ బామీ అను చిన్న సందు ఉన్నది. 1970 దశకపు తొలి యేండ్లలో, పిల్లలు వేసిన బొమ్మలతో ఆ సందున చిత్రరచన మొదలైనది. 1984లో రే పట్లాన్ పూనికతో పెక్కురు చిత్రకారులు కూడి, ఇండ్ల పెరటిగోడలను, దడులను, కారుషెడ్ల తలుపులను ఇరువదికి పైగా చిత్రములతో నింపిరి. మధ్య అమెరికాలో నాడు సాగుచున్న యుద్ధముల దుఃఖము, శాంతికాంక్ష, అచ్చటి ఆదిమజాతుల సంస్కృతి వానికి వస్తువులు.

ఆ చిత్రకారులలో పలువురు ఆ పేటతో, ఆ సంస్కృతితో సంబంధము గలవారే. తమ కథను తామే చెప్పుకొనిరి. వీరశైవులకు ఈ మర్మము క్రొత్త కాదు. 12వ శతాబ్దమున కల్యాణములో చాకలియైన మడివాళ మాచయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య తమ తమ అంకితములతో వచనములు చెప్పిరి. చౌడయ్య అంకితము అతని పేరే! పాలకుల కొలువున ఉన్నతపదవి నందిన బసవేశ్వరుడు వారిపై జాలిపడి ఊరకొనలేదు. వారి మాట వారి నోటనే వినెను.

ఇక రెండవ పార్శ్వము. 1990 దశకపు చివరినుండి కంప్యూటరు పరిశ్రమ తెచ్చిన సంపదతో ఆ నగరమున ఇండ్ల అద్దెలు విపరీతముగా పెరిగినవి. మిషన్ పేటలోని పెక్కు కుటుంబములు అద్దె చెల్లింపలేక తరలిపోయినవి. గోడమీద తల్లి బొమ్మ నిలిచినది. అట్టి తల్లులు ఎందరో ఇల్లు విడిచిరి. ఆ బొమ్మలను చూచుటకు యాత్రికులు మాత్రము వచ్చుచునే యున్నారు.

అట్లయిన చిత్రకళ వ్యర్థమా? కాదు. అద్దెలు పెంచినది కుంచె కాదు. పైగా ఆ నిర్వాసనమే తరువాతి చిత్రములు కొన్నింటికి వస్తువైనది. 2014లో నగరపాలకులు 24వ వీధి ప్రాంతమును లాటినో సాంస్కృతిక మండలముగా గుర్తించిరి. చిత్రము సాక్ష్యము చెప్పగలదు, సిగ్గుపడునట్లు చేయగలదు. కాని ఇంటిని నిలుపవలసినది మనుష్యుల నడతయే.

గోడ స్థావరము, మనిషి జంగమము. లింగమును పూజించి జంగమదాసోహమును మరచినవాని భక్తి సగము దారిలో ఆగిన భక్తి యని శరణమార్గము బోధించుచున్నది. కల్యాణమున సమత్వము మాటలతో ఆగలేదు. సమగార హరళయ్య కుమారునకు బ్రాహ్మణ వంశజుడగు మధువరసుని కుమార్తె నిచ్చి వివాహము చేసిరనియు, అందులకు ఆ తండ్రులిరువురు ప్రాణములే అర్పించిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. గౌరవమునకు వెల యున్నదనుటకు ఇంతకన్న నిదర్శన మేమి?

నేడు మఠప్రాకారములమీదను, కల్యాణమండపములలోను మాదార చెన్నయ్య, డోహర కక్కయ్య, హరళయ్యల చిత్రములు వ్రాయించుచున్నారు. వ్రాయింపవలసినదే. అయితే ఆ చిత్రముక్రింద దాసోహపంక్తి సాగునప్పుడు చెప్పులు కుట్టువాడు, తోలు పదునుచేయువాడు ఎచ్చట కూర్చుండినారో కూడ చూడవలెను. వారి బిడ్డలకు ఆ వీధిలో అద్దెకు ఇల్లు దొరకుచున్నదా? పొరుగింటివారు వారిని పేరుపెట్టి పిలుచుచున్నారా? ఈ ప్రశ్నలకు ఔనను సమాధానము వచ్చినచో గోడమీది బొమ్మ సత్యము పలికినట్లు. కాదన్నచో అది రంగుపూత మాత్రమే.

రంగు వెలసిన మరల పూయవచ్చును. తరలిపోయిన పొరుగువానిని మరల తెచ్చుట అంత సులభము కాదు. కావున గోడకు సున్నము కొట్టించుటకు ముందే గుమ్మములోని మనిషిని పలుకరించుట శరణధర్మము.