చైను, టర్బో, ఇద్దరు శిష్యులు

బెజవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీకి ఇద్దరు శిష్యులు. పెద్దోడికి బండి మీద రాసి ఉన్న పేరే వేదం. టాటా బండికి టాటా సామానే, మారుతీకి మారుతీదే. ఒకదాని నట్టు ఇంకోదానికి తగలనివ్వడు, మడి కట్టుకున్నట్టు. చిన్నోడి దారి వేరు. ఇనుమంతా ఒకటే, బిగిస్తే బిగుస్తుంది అంటాడు.

ఒకరోజు క్వాడ్రాజెట్ ఇంజిన్ ఉన్న ఇండికా విస్టా వచ్చింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపిన చప్పుడు. టైమింగ్ చైన్ సాగిందని పెద్దోడు సరిగ్గానే పట్టేశాడు. "ఆయిల్ ఎప్పుడు మార్పించారండీ?" అనడిగితే ఓనరు రోడ్డు వంక చూశాడు. చైన్ కోసం పెద్దోడు టాటా స్పేర్లు అమ్మే కొట్లన్నీ తిరిగాడు. దొరకలేదు. బండి మూడు రోజులు షెడ్డులోనే పడుంది.

నాలుగో రోజు మేస్త్రీ పక్క కొట్టుకెళ్ళి ఒక డబ్బా పట్టుకొచ్చాడు. దాని మీద స్విఫ్ట్ పేరుంది.

"బాబాయ్, ఇది మారుతీది!"

"డబ్బా చదవడం కాదురా, లింకులు లెక్కపెట్టు."

పాత చైన్, కొత్త చైన్ గోనెపట్టా మీద పక్కపక్కన పరిచారు. లింకుకి లింకు సరిపోయింది. పాతది కాస్త పొడుగుంది, అంతే. అది సాగినందువల్ల వచ్చిన పొడుగు.

చైన్ బిగిస్తూ మేస్త్రీ ఆ ఇంజిన్ వంశం విప్పాడు. ఫియట్, జనరల్ మోటార్స్ పొత్తులో ఉన్న రోజుల్లో, 2003లో పుట్టింది. ఇటలీ వాళ్ళ ఇంజినే గానీ తయారీ మొదలైంది పోలండ్‌లో, బీల్స్కో బియావా అనే ఊళ్ళో. నాలుగు సిలిండర్లు, 1248 సీసీ. ఫియట్ దాన్ని మల్టీజెట్ అంది. మన దేశానికొచ్చాక మారుతీ డీడీఐఎస్ అని పెట్టుకుంది, టాటా క్వాడ్రాజెట్ అంది, షెవ్రొలే సెయిల్‌లో స్మార్టెక్ అయింది. మానేసర్‌లో సుజుకీ వాళ్ళూ, పుణె దగ్గర రంజన్‌గావ్‌లో ఫియట్ ఇండియా వాళ్ళూ తయారుచేశారు. 2007లో స్విఫ్ట్ డీజిల్ వచ్చాక ఇది ఎన్ని బండ్లలోకి ఎక్కిందంటే, కార్ల పత్రికలవాళ్ళు దీన్ని మన 'జాతీయ ఇంజిన్' అని సరదాగా పిలిచారు. షెవ్రొలే బీట్ డీజిల్ కూడా ఈ ఇంటి పిల్లే. నాలుగులో ఒక సిలిండర్ తీసేస్తే మిగిలేది 936 సీసీ. బీట్‌ది సరిగ్గా అంతే.

పెద్దోడు సిగ్గుపడ్డాడు. చిన్నోడు మాత్రం ఎగిరి గంతేశాడు. "నేనెప్పట్నుంచో చెప్తున్నా గదా, అన్నీ ఒకటేనని!" మేస్త్రీ ఇంకా ఏదో చెప్పబోయాడు. వినడానికి వాడక్కడ లేడు.

నెల తిరక్కుండా ఒక స్విఫ్ట్ డిజైర్ టాక్సీ వచ్చింది. టర్బో పోయింది. మేస్త్రీ ఊళ్ళో లేడు. డ్రైవరుకి మర్నాడే శ్రీశైలం ట్రిప్పు. షెడ్డు మూల తుక్కుకి వేసిన ఫియట్ లీనియా ఇంజినొకటి ఉంది, దాని టర్బో చూస్తే చక్కగా ఉంది. చిన్నోడికి కళ్ళు మెరిశాయి. డిజైర్‌ది 75 హార్స్‌పవర్, లీనియాది 90.

"అన్నా, నీ అదృష్టం. ఇది వేస్తే పదిహేను గుర్రాలు ఊరికే వస్తాయి."

"పడుద్దా తమ్ముడూ?"

"ఒకే తల్లి పిల్లలన్నా!"

పెద్దోడు వద్దన్నాడు. కారణం అడిగితే చెప్పలేకపోయాడు. రాత్రంతా కూర్చుని, కుదరని చోట కుదిర్చి, చిన్నోడు టర్బో బిగించేశాడు. మార్కాపురం దాకా బండి ఎలాగో పోయింది. దోర్నాల దాటి ఘాట్ మొదలయ్యేసరికి దమ్ము చచ్చింది. మీటరు మీద ఇంజిన్ లైటు వెలిగింది. మొదటి గేరులో మూలుగుతూ, చివరికి అడవి మధ్యలో ఆగిపోయింది. తాడు కట్టి లాక్కొచ్చారు.

మేస్త్రీ తిట్టలేదు. రెండు టర్బోలూ ముందు పెట్టాడు. టర్బో అంటే కొలిమి తిత్తి లాంటిది, ఇంజిన్‌కి గాలి కూరుతుంది. డిజైర్ తిత్తికి మూతి ఎప్పుడూ ఒకటే సైజు. లీనియాదాంట్లో, ఇంజిన్ పొగ తిప్పే చక్రం చుట్టూ చిన్న రెక్కలుంటాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి దగ్గరపడతాయి, గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు జోరుగా చిమ్మినట్టు పొగ చక్రాన్ని గట్టిగా తంతుంది. వేగం పెరిగితే రెక్కలు విచ్చుకుంటాయి.

"ఆ రెక్కల్ని కదిపేదెవరు?"

చిన్నోడు నోరెత్తలేదు.

"బండి కంప్యూటరు. 75 బండి కంప్యూటరుకి రెక్కలున్నాయనే తెలీదు. తెలియనిదాన్ని ఏం కదుపుద్ది? గాలి చాల్లేదని గమనించి డీజిల్ తగ్గించేసింది. అదన్నా చేసింది కాబట్టి ఇంజిన్ మిగిలింది."

నీతి: చుట్టరికం తెలియనివాడు రోజులు పోగొట్టుకుంటాడు. చుట్టరికం ఒక్కటే తెలిసినవాడు అడవిలో ఆగిపోతాడు.

ఇద్దరి తప్పునీ ఒకే తక్కెట్లో వెయ్యడానికి నాకు మనసొప్పదు. పెద్దోడిది అజ్ఞానం, చైన్ చూపించగానే వదిలింది. చిన్నోడు చెప్పిన చుట్టరికంలో అబద్ధం లేదు. ఒకే తల్లి పిల్లలే. ఆ సగం నిజం చేతిలో ఉండబట్టే వాడికి భయం లేకపోయింది, డ్రైవరుకీ అనుమానం రాలేదు. స్విఫ్ట్ లాగుడు 190 న్యూటన్ మీటర్లు, అదే ఇంజిన్ 90 హార్స్‌పవర్ రూపంలో మారుతీ ఎస్‌ఎక్స్4లో 200. కాగితం మీద చూస్తే ఎంత తేడా గనక? ఆ కాస్త తేడా వెనక వేరే టర్బో ఉంది, దాన్ని నడిపే వేరే లెక్క ఉంది. మనుషుల సంగతీ ఇంతే. అన్న చదివిన చదువే తమ్ముడి చేతా చదివించి, వాడు ఘాట్ ఎక్కలేకపోతే వాణ్ణి తిట్టే ఇళ్ళు మనకు తక్కువా?

బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్‌తో ఈ ఇంజిన్ మన కొత్త కార్లలోంచి తప్పుకుంది. ఇక ఉన్నవాటినే కాపాడుకోవాలి. మీ ఇంట్లో వాటిలో ఒకటుంటే, చైన్ చప్పుడు వినపడేదాకా ఆగకండి. ఆయిల్ వేళకు మార్పించండి.