జీవదయకు చూపు వలయును

చైత్ర శుద్ధ త్రయోదశి వర్ధమాన మహావీరస్వామి జన్మకల్యాణ దినము. ఆనాడు జైన కుటుంబములవారు మందిరములకు పోయి పూజలు సలుపుదురు, దానధర్మములు చేయుదురు. సరిగా ఆ దినములలోనే గంజాం తీరమున మరియొక యాత్ర సాగుచుండును. బరంపురమునకు దక్షిణమున, ఆంధ్ర సరిహద్దునకు చేరువలో, తెలుగు మాటలాడు మత్స్యకారుల గ్రామము రామయ్యపట్నం కలదు. ఆ ప్రాంతపు ఇసుకతీరమునను, బహుదానది కడలిలో గలియు చోటను, శీతకాలమంతయు అలల యంచున పరుగులిడి పురుగులను ఏరుకొని బ్రదికిన ఉల్లంకి పిట్టలు ఫాల్గుణ చైత్రములలో గుంపులుగా లేచి ఉత్తరముఖముగా సాగిపోవును. ఈశాన్యముననున్న చిలికా సరస్సునుండి బాతులును, జక్కవలును పయనమగును. అచ్చట శీతకాలము గడపు వానిలో, తెల్లని తలపై రెండు నల్లపట్టెలుగల పెద్ద బాతు జాతి యొకటి హిమాలయములనే దాటి టిబెట్టు, మంగోలియా దేశముల పీఠభూములకు చేరును. ఆ జాతి పక్షులు ఏడువేల మీటర్లకు పైబడిన యెత్తున ఎగురుట శాస్త్రజ్ఞులు పరికరములతో కొలిచి చెప్పిరి. అంతదూరము పోవు జీవి వెంట మూటాముల్లె లేదు. బయలుదేరుటకు ముందు కడుపార తిని దేహమున కూడబెట్టుకొన్న క్రొవ్వొక్కటే దాని దారిబత్తెము.

జైనులకు ఈ పక్షులు పరాయివి కావు. అయిదవ తీర్థంకరుడగు సుమతినాథస్వామి లాంఛనము క్రౌంచమని శ్వేతాంబరులు, చక్రవాకమని దిగంబరులు చెప్పుదురు. చక్రవాకమే తెలుగువారి జక్కవ. నారింజవన్నె యొడలుగల ఆ పక్షి ఏటేట చలికాలమున చిలికాకు వచ్చి, వేసవి సోకకముందే ఉత్తరదేశముల యెత్తైన సరస్సులకు మరలిపోవును. ప్రతిమ పీఠముపై చెక్కిన లాంఛనమునకు నిత్యము చేతులు జోడించు శ్రావకుడు, నీటిపై తేలుచున్న ఆ జీవమును ఒక్కమారైన తేరిపార చూచెనా? చూడనిదే దాని కష్టసుఖము లెట్లు తెలియును? తెలియనిదే దయ ఎట్లు సఫలమగును?

జినధర్మము మోక్షమార్గమునకు మూడు రత్నములను చెప్పినది: సమ్యగ్దర్శనము, సమ్యగ్‌జ్ఞానము, సమ్యక్చారిత్రము. దర్శనమనగా అచ్చట తత్త్వమునందలి శ్రద్ధయే గాని వట్టి కంటిచూపు కాదు. అయినను ఆ వరుసలోని మర్మము గృహస్థుని నిత్యవ్యవహారమునకును చెల్లును. ముందు చూపు, పిదప ఎరుక, ఆపైన నడవడి. ఈ వరుస తప్పిన దయ మంచి మనసుతో మొదలై హింసలో ముగియవచ్చును.

మొదటిది చూపు. చిలికా సరస్సు 1981లో రాంసార్ ఒడంబడిక పట్టికలో చేరినది. అందలి నలబన దీవి 1987లో పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. వానకాలమున నీట మునిగి, నీరు తీసినకొలది బయటపడు ఆ దీవిపై పక్షులు వేలకొలదిగా మేయును. చూడవచ్చినవారు పడవ యంత్రము హోరెత్తించుచు గుంపు నడుమకు దూసుకొనిపోయి, అవి ఒక్కుమ్మడి లేచుట చూచి చప్పట్లు చరచినచో ఏమగును? లేచిన ప్రతిసారియు వాని దారిబత్తెము కొంత ఖర్చగును. మేయవలసిన గడియ పోవును. ప్రయోజనము లేని హింసను శాస్త్రము అనర్థదండమన్నది. శ్రావకుని గుణవ్రతములలో దానిని విడుచుట యొకటి. కావున దూరమున నిలిచి, దుర్భిణితో చూచి, పక్షి తలయెత్తి బెదరినంతనే వెనుకకు తగ్గుట సరియైన చూపు. కోరిక లేక చూచుటయు, పట్టుకొనక ఆనందించుటయు అపరిగ్రహమున కొక చిన్న అభ్యాసము.

రెండవది ఎరుక. ఇచ్ఛాపురము చెంత తేలుకుంచికి వానకాలమున నత్తగుల్ల కొంగలు వచ్చును. టెక్కలి చెంత తేలినీలాపురమునకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చలికాలమున చేరును. ఆ యూళ్లవారు వానిని ఇంటి ఆడపడుచులవలె ఆదరింతురు. జనులు వీనిని సైబీరియా పక్షులందురు గాని, ఇవి మన దేశపు పక్షులే. మన చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను సాకును. చిలికాకు వచ్చు బాతులలో పెక్కింటి గూళ్లు ఉత్తరదేశములలోనే గలవు. ఇక్కడ వానికి కావలసినవి మేతయు విశ్రాంతియు. ఒకదానికి చింతచెట్టును కొట్టకుండుటే ప్రాణదానము. మరియొకదానికి నీటిని కలచకుండుటే అన్నదానము. రాజస్థానమున ఫలోది చెంత ఖీచన్ గ్రామమున జైన వర్తకులు తరతరములుగా ధాన్యము చల్లుచుండగా, మంగోలియా మొదలగు దేశముల క్రౌంచములు వేలకొలదిగా వచ్చి చలికాలము గడపును; ఆ చోటు 2025లో రాంసార్ పట్టికకెక్కినది. అచ్చట ధాన్యము దయ. చిలికాలో సేరు గింజలు చల్లినచో అది దయ కాదు. అచ్చటి బాతులకు నీటిమొక్కలే తిండి.

మూడవది నడవడి. ఇచ్చటనే వర్తక కుటుంబములు నిదానించి యోచింపవలసిన మాట యొకటి కలదు. పండుగనాడు పంజరపు పక్షులను కొని ఆకాశమునకు వదలుట పెద్దల నాటినుండి వచ్చిన ఆచారము. ఆ మనసు పవిత్రమైనదే. కాని ఒక దృష్టాంతము చూడుడు. ఒక సేటు బోయవాని యొద్ద నలుబది చిలుకలను కొని, పిల్లలచేత తలుపులు తెరపించెను. బోయవాడు సంతసించి, "సేటుగారూ, మీ చేతి చలవ! వచ్చే పండక్కి ఎనభై తెస్తాను, ముందే చెబుతున్నాను" అనెను. ఆ మాటతో సేటునకు లెక్క తెలిసెను. వర్తకుడెరుగని సూత్రమా ఇది? గిరాకి ఉన్నచోటికే సరకు వచ్చును. విడుదలకై ఇచ్చిన రూపాయి రేపటి వలకు పెట్టుబడి యాయెను. వలలో నలిగినవి, సంచిలో ఊపిరాడక చచ్చినవి లెక్కకే రాలేదు. రెక్కలు కత్తిరింపబడి వదలబడినవి సాయంకాలమునకే పిల్లుల పాలాయెను. అహింసావ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో బంధము మొదటిది. కట్టువానికి ధనమిచ్చువాడు కట్టినవానికి దూరస్థుడెట్లగును?

అట్లయిన కన్నులయెదుట పంజరమునగల జీవి మాట ఏమి? దానిని చూచి మొగము త్రిప్పుకొనుమని ఎవరును చెప్పరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని సవరణలను అనుసరించి చిలుకలవంటి అడవిపక్షులను పట్టుటయు, అమ్ముటయు, కొనుటయు నేరము. సొమ్మీయక అటవీశాఖవారికి తెలుపుట, గాయపడిన వానికి వైద్యము చేయించుట ధర్మము. ఢిల్లీ చాందినీచౌకున లాల్‌మందిరముననున్న పక్షుల ధర్మాసుపత్రి 1929 నాటిది. అచ్చట స్వస్థత పొందిన పక్షిని తెచ్చినవానికి తిరిగి యీయరు, ఆకాశమునకే విడుతురు. ఇది వెలయిచ్చి కొన్న విడుదల కాదు, నిజమైన అభయదానము.

బోయవాడును జీవియే, వాని ఆకలియు ఆకలియే. చిలికా ఉత్తరతీరమున మంగళాజోడి గ్రామము ఒకప్పుడు పక్షులవేటకు పేరుపడినది. 2000 ప్రాంతమున అచ్చటి వేటగాండ్రే మహావీర పక్షి సురక్షా సమితిగా ఏర్పడి వేట మానిరి. ఆ ప్రాంతమున మహావీరుడన్న పేరు సామాన్యముగా ఆంజనేయునిది. అయినను ఆ పేరు విన్న జైనుని మనసు పొంగక మానదు. నేడు వారిలో పలువురు పడవలు నడుపుచు, యాత్రికులకు పక్షులను చూపుచు జీవించుచున్నారు. ఏ రెల్లు ఎక్కడనున్నదో, ఏ పిట్ట ఏ వేళ మేయునో వేటగానికి తెలిసినట్లు మరెవ్వరికి తెలియును? ఆ విద్యయే చంపుట మాని కాచుటకు మరలినది. బోధ యొక్కటే చాలలేదు. బ్రదుకుతెరువు మార్గమును తోడైనది. పెట్టుబడి పెట్టుట, పని కల్పించుట వర్తకునకు పుట్టుకతో వచ్చిన విద్యలు. వానిని దయకు వినియోగించుటకు ఇంతకు మించిన చోటు లేదు.

కాబట్టి రాబోవు చైత్రమున పంజరములకై ప్రత్యేకించిన పైకమును పక్షివైద్యమునకో, వల విడిచిన యొక కుటుంబపు జీవనమునకో మళ్లింపవలెను. పిల్లలను ఒక్క తెల్లవారుజామున తీరమునకు కొనిపోయి, దూరమున కూర్చుండబెట్టి, మాటలాడక చూడుమనవలెను. గుంపు తనంతట తాను లేచి ఉత్తరమునకు మరలు వేళ వారు దానిని చూతురు గాక. ఏ పక్షికిని ఏ దారియందును వల యెదురుపడకుండు గాక. సర్వజీవులును నిర్భయముగా నుండు గాక.