ఊరి ఋణం

ప్రతిఫలం లేకుండా ఇతరుల కోసం పడే శ్రమ ఎప్పుడు సేవ అవుతుంది, ఎప్పుడు దోపిడీ అవుతుంది అన్న ప్రశ్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో పుస్తకాలకు పరిమితమైనది కాదు. నిజాం పాలన చివరి దశాబ్దాల వరకు ఇక్కడి గ్రామాల్లో వెట్టి సాగింది. అంటే కుమ్మరి తన కుండలను, మాదిగ తాను కుట్టిన చెప్పులను, చాకలి తన చాకిరీని, రైతు తన నాగలిని, ఎడ్లను దొర గడీకి కూలి లేకుండా సమర్పించుకోవలసి వచ్చేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమి కోసం, పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలబడడం, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి కాల్పులకు బలికావడం ఆ వ్యవస్థ మీద ప్రజలు ఇచ్చిన తీర్పులో భాగాలు. నేడు ఆ జిల్లాల్లోనే డిగ్రీ విద్యార్థులు పారలు, తట్టలు పట్టుకొని బడి ఆవరణ చదును చేస్తూ, మురుగుకాలువల్లో పూడిక తీస్తూ కనిపిస్తారు. పైకి చూస్తే రెండు శ్రమలూ కూలి లేనివే. వాటి మధ్య భేదం ఎక్కడ ఉందో తేల్చుకోకుండా విద్యార్థి సేవను కొనియాడితే ఆ పొగడ్తకు బలం ఉండదు.

ఈ సేవకు నిలకడైన రూపం ఇచ్చినది జాతీయ సేవా పథకం. విద్యార్థులు, అధ్యాపకులు స్వచ్ఛందంగా సమాజం కోసం పనిచేయాలని రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం సూచించిన రెండు దశాబ్దాలకు, గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969 సెప్టెంబర్ 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు దీనిని 37 విశ్వవిద్యాలయాల్లో ప్రారంభించగా, తొలి ఏడు 40,000 మంది విద్యార్థులు చేరారు. వలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు పనిచేయడం, ఎంచుకున్న గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో నివసించడం ఇందులోని నియమాలు. 1976 ఆగస్టు 19న వరంగల్లులో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోకి ఈ మూడు జిల్లాల కళాశాలలు వస్తాయి; కట్టుబానిసత్వాన్ని రద్దుచేసిన చట్టం వచ్చినదీ ఆ ఏడాదే. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు భూపాలపల్లి జిల్లాకు, ఆ విశ్వవిద్యాలయానికి ఒకప్పుడు ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య జయశంకర్ పేరు పెట్టడం, ఒక బోధకుడికీ ఒక ప్రాంతానికీ మధ్య ఎంత గాఢమైన బంధం ఏర్పడగలదో చూపుతుంది.

భేదం గురించి అడిగితే మొదట తోచే సమాధానం స్వేచ్ఛ. వెట్టిలో బలవంతం ఉంది, సేవలో ఇష్టం ఉంది. భారత రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. అయితే అదే అధికరణం రెండవ భాగంలో ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవను విధించే అధికారాన్ని రాజ్యానికి ఇచ్చి, ఆ సేవను విధించడంలో మతం, జాతి, కులం, వర్గం అన్న వివక్ష చూపరాదని షరతు పెట్టింది. దీన్నిబట్టి నిర్బంధం ఒక్కటే దోషం కాదనీ, భారం ఎవరి భుజాల మీద పడుతున్నదన్నదీ చూడాలనీ అర్థమవుతుంది. వెట్టి ఎప్పుడూ బలహీనుల మీదనే పడింది. మరోవైపు, సర్టిఫికెట్ కోసమో, 2020 జాతీయ విద్యా విధానం తర్వాత ప్రాధాన్యం పెరిగిన క్రెడిట్ల కోసమో శిబిరానికి వచ్చే విద్యార్థి ఇష్టం ఎంత స్వచ్ఛమైనదని అడగవచ్చు. కనుక స్వేచ్ఛ అవసరమే గాని, సమాధానం దానితో పూర్తికాదు.

భగవద్గీత పదిహేడవ అధ్యాయం ఈ విచారణను మరికొంత ముందుకు తీసుకుపోతుంది. ఇవ్వడం కర్తవ్యమన్న బుద్ధితో, తిరిగి ఉపకారం చేయలేనివారికి, తగిన చోట, తగిన వేళ, పాత్రత ఎరిగి ఇచ్చేది సాత్త్విక దానమనీ, ఫలాన్ని ఆశించి లేదా మనసు కష్టపెట్టుకొని ఇచ్చేది రాజసమనీ, దేశకాలపాత్రాలు చూడక, పుచ్చుకునేవారిని చులకన చేస్తూ ఇచ్చేది తామసమనీ అక్కడ విభజన ఉంది. ఈ క్రమంలో ఫలాపేక్ష కంటే తిరస్కారం కింది మెట్టున నిలిచింది. అంటే సర్టిఫికెట్ ఆశించి వచ్చినా తండాలోని ముసలమ్మ పక్కన కూర్చొని ఆమె పింఛను కాగితం ఓపికగా చదివిపెట్టే విద్యార్థి, ఏ ఆశా లేకుండా వచ్చి ఊరివారికి శుభ్రత తెలియదన్నట్టు ఉపన్యసించే విద్యార్థి కంటే మేలైన స్థానంలో ఉంటాడు. కాలం సంగతీ చిన్నది కాదు. పత్తి ఏరే రోజుల్లో ఊరంతా చేలలో ఉండగా, కళాశాలకు వీలైన తేదీల్లో పెట్టిన అవగాహన సదస్సు ఎంత మంచి ఉద్దేశంతో జరిగినా అకాల దానమే. చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు చేసే ఉపదేశంగా తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి చెప్పిన మాటల్లోనూ ఈ ఎరుకే ఉంది: శ్రద్ధతో ఇవ్వడంతో పాటు సిగ్గుతో, భయంతో, వివేకంతో ఇవ్వాలని అది కోరుతుంది. ఇస్తున్నవాడు సిగ్గుపడాలనడం వింతగా తోచవచ్చు. తనది కానిదాన్ని తనదిగా ఇస్తున్నాననే స్పృహ ఉన్నవాడికి ఆ సిగ్గు సహజం.

ఆ స్పృహకు వైదిక వాఙ్మయం పెట్టిన పేరు ఋణం. బ్రాహ్మణుడు పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు అప్పుపడతాడని తైత్తిరీయ సంహిత చెప్పగా, శతపథ బ్రాహ్మణం ఆ మాటను పుట్టిన ప్రతి మనిషికీ వర్తింపజేసి, నాలుగవదిగా తోటి మనుష్యులకు పడిన అప్పును చేర్చింది. విశ్వవిద్యాలయ విద్యార్థి విషయంలో ఈ నాలుగవ ఋణం అలంకార ప్రాయమైన మాట కాదు. అతడి తరగతి గది, ప్రయోగశాల, గ్రంథాలయం ప్రజాధనంతో నిలబడ్డాయి. అతడు చదువుకునే దీపం వెనుక భూపాలపల్లి సింగరేణి గనుల కార్మికుల చెమట, చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. అయితే ఈ నేల మీద ఋణం అన్న భావనను జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. తెలంగాణలో భగేలా అనే పద్ధతి ఉండేది. చిన్న అప్పు చేసిన పేదవాడు, అతడి తర్వాత అతడి కొడుకు, వడ్డీ కింద దొర పొలంలో పనిచేస్తూనే ఉండేవారు. పేదవాణ్ని కట్టివేసిన తాడును ధర్మం పేరుతో మళ్లీ ఎత్తిచూపడం న్యాయమేనా అన్న ఆక్షేపణకు ఒకే సమాధానం ఉంది: ఇక్కడ బాకీపడినవాడు మారాడు. భగేలాలో బలహీనుడు బలవంతుడికి అప్పుపడ్డాడు. మనుష్య ఋణంలో చదువుకున్నవాడు ఊరికి అప్పుపడ్డాడు. అప్పుపడినవాడు ఏమి ఇవ్వాలో తానే నిర్ణయించుకోలేడు. అడిగే హక్కు, చాలలేదని చెప్పే హక్కు ఊరివే. వెట్టికీ సేవకూ మధ్య వెతుకుతున్న గీత ఇక్కడ దొరుకుతుంది.

ఋణభావన ఎంత మంచిదైనా అందులో ఒక లోపం మిగిలి ఉంది. అప్పు తీరితే సంబంధం తీరుతుంది. ఏడు రోజుల శిబిరం ముగియగానే కళాశాల బస్సు ఎక్కి వెళ్లిపోయే వలంటీరు తన లెక్క సరిపోయిందని అనుకోవచ్చు. ఈ లోపాన్ని ఎత్తిచూపిన గొప్ప గొంతు నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌కు చెందినది కావడం విశేషం. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టి, యువజన క్రైస్తవ సంఘం కార్యదర్శిగా పనిచేసిన వి.ఎస్. అజరయ్య, భారతీయులు సొంతంగా నెలకొల్పుకున్న మిషనరీ సంఘం తరఫున డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం అక్కడి శ్రోతలలో కొందరికి రుచించలేదు. విదేశీ మిషనరీల త్యాగాలకు భారతీయ సంఘం కృతజ్ఞతతో ఉంటుందని ఒప్పుకుంటూనే, వారి దానం కంటే, ప్రాణత్యాగం కంటే తమవారు కోరుకుంటున్నది స్నేహమని ఆయన నిష్కర్షగా చెప్పాడు. సాయం చేసేవాడు సాయం పొందేవాడి ఇంట భోజనం చేయకపోతే, అతడి మాటను తన నిర్ణయంలో కలుపుకోకపోతే, ఎంత గొప్ప త్యాగమైనా ఇద్దరి మధ్య ఎత్తుపల్లాన్ని అలాగే ఉంచుతుందన్నది ఆ ప్రసంగం నుంచి గ్రహించదగిన సారం. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్ గోపురాల్లో, స్తంభాల్లో హిందూ, ముస్లిం శిల్పరీతులు కలిసి కనిపించడం ఆ ఆలోచనకు రాతిలో ఇచ్చిన రూపమే. శతాబ్దం దాటినా, కళాశాలకూ ఊరికీ మధ్య సంబంధాన్ని ఇంత సూటిగా పరీక్షించే కొలత మరొకటి కనిపించదు.

జనగామ నేల ఇచ్చిన ఇద్దరు మహాకవుల్లోనూ ఈ స్నేహభావనకు తోడ్పడే దృష్టి ఉంది. పాలకుర్తికి చెందినవాడిగా ప్రసిద్ధుడైన సోమనాథుడు ద్విపదలో బసవపురాణం రాసి, శివభక్తుల కథలను సామాన్యుల చెవికి చేర్చాడు. ఆ వీరశైవ సంప్రదాయం కాయకమనే పేరుతో ఒళ్లువంచి చేసే పనిని పూజగా, దాసోహమనే పేరుతో ఆ పని ఫలాన్ని సాటివారితో పంచుకోవడాన్ని ధర్మంగా నిలిపింది. బమ్మెర పోతన తెలుగు చేసిన భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుడు, దీర్ఘకాలం పస్తులున్న తర్వాత దొరికిన అన్నాన్ని, చివరికి నీటిని కూడా కులభేదం చూడక వచ్చినవారికి ఇచ్చివేస్తాడు. ఆ వచ్చినవారిలో దైవాన్ని చూశాడని అందరూ అతడిని మెచ్చుకుంటారు. అంతే ముఖ్యమైనది మరొకటి ఉంది: ఆకలిగొన్నవాడికి అన్నం, దప్పిగొన్నవాడికి నీరు, ఎవరికి కావలసింది వారికే ఇచ్చాడు. ఎదుటివాడిలో దేవుణ్ని చూడడం ఉదాత్తమే గాని, దేవుడు ఫిర్యాదు చేయడు. ఊరివారు చేస్తారు, చేయాలి, వారి మాట వినాలి.

ఆచరణలో ఈ స్నేహానికి అవకాశాలు చాలా ఉన్నాయి. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి మండలంలోని మోరంచపల్లి మునిగినప్పుడు, 2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు మరిపెడ మండలంలోని సీతారాం తండాను చుట్టుముట్టినప్పుడు, తొలి రోజుల సాయం ఎంత అవసరమో, బురద ఆరి వార్తలు ఆగిన తర్వాతి నెలల్లో పిల్లల చదువుకు, పోయిన కాగితాలకు తోడుగా నిలిచేవారు కూడా అంతే అవసరం. జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనబావి రైతులు ఊరు ఊరంతా రసాయన ఎరువులను, పురుగుమందులను మానుకున్నారు. అటువంటి ఊరికి వెళ్లే వ్యవసాయ, రసాయన శాస్త్ర విద్యార్థి నేర్పడానికంటే నేర్చుకోవడానికే వెళ్లవలసి ఉంటుంది. పైగా ఈ కళాశాలల్లో చదివేవారిలో ఎందరో తండాల నుంచి, కోయ గూడేల నుంచి వచ్చిన తొలితరం విద్యావంతులు. లంబాడా భాషలోనో కోయ భాషలోనో ఆస్పత్రి చీటీని అమ్మకు వివరించగలిగే వలంటీరుకు ఊరు బయటి సమాజం కాదు, సొంత ఇల్లు. ఈ యువతీయువకులు నిజంగా గర్వించదగినవారు. వారిని గురించి రాయవలసినంత ఇంకా ఎవరూ రాయలేదు.

అయితే సేవను పండుగ చేయవచ్చునా? గుప్తదానాన్ని పలు మతాలు పైమెట్టున నిలిపాయి. కుడిచేయి ఇచ్చినది ఎడమచేయికి తెలియరాదన్న బోధ ఇటు క్రైస్తవంలోనూ అటు ఇస్లాంలోనూ ఉంది. దాత ఒక్కడికే శాలువా కప్పే సభకు ఆ బోధ అడ్డు వస్తుంది. ఊరూ కళాశాలా కలిసి చేసిన పనికి ఇద్దరూ కలిసి చేసుకునే పండుగకు మాత్రం ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదు. కనుక ఈ జిల్లాల కళాశాలల ప్రిన్సిపాళ్లకు, ప్రోగ్రామ్ ఆఫీసర్లకు ఒక విన్నపం: రాబోయే సెప్టెంబర్ 24న జాతీయ సేవా పథకం పుట్టినరోజు సభను కళాశాల ఆడిటోరియంలో కాకుండా శిబిరం జరిగిన ఊరి రచ్చబండ దగ్గర పెట్టండి, మొదటి మాట ఊరివారికి ఇవ్వండి, ఏ పని ఉపయోగపడింది, ఏది పడలేదు అని వారు చెప్పినదాన్ని రాసుకొని, మరుసటి ఏడు మరో ఊరు వెతక్కుండా అదే ఊరికి తిరిగి వెళ్లండి.