వీపు మీది నక్షత్రములు

పెనుకొండ గుట్టలకును హిందూపురమునకును నడుమ, సోమందేపల్లి చుట్టును పఱచుకొన్న మెట్టనేలపై తొలకరి వాన కురిసి, నాగజెముడు పొదల మొదళ్లలో గడ్డి పచ్చగా తలయెత్తిన నాలుగైదు దినములకు, అంతవరకు రాయియో మట్టిగడ్డయో అని మనము ఉపేక్షించినది ఒకటి మెల్లగా కదలును. వంగి చూచినచో అది నక్షత్ర తాబేలు. నల్లని డిప్పపై ఎత్తుగా లేచిన ఒక్కొక్క బుడిపె నెత్తిమీద ఒక్కొక్క పసుపుపచ్చని చుక్క; ఆ చుక్కనుండి నలుదెసలకు పాఱిన సన్నని గీతలు. శిల్పి చెక్కినట్లున్నవని మనము మెచ్చుకొందుము గాని, ఎండుగడ్డి నీడలో అది ముడుచుకొని పడియున్నపుడు ఆ గీతలే గడ్డిపోచలలో కలిసిపోయి, దాని ఆకారమును ముక్కలు ముక్కలు చేసి, శత్రువుల కన్నులకు అది లేనట్లే తోపజేయును. మనకు అలంకారమైనది దానికి మఱుగు. ఈ తారతమ్యమును మనము గుర్తింపకపోవుటవలననే, దాగుటకై దానికి దక్కిన గీతలు దానిని పట్టియిచ్చు గుఱుతులైనవి.

ఈ మాట పరులను నిందించుటకు అనుట లేదు. నా ఎనిమిదవ యేట, ఒక వానకాలమున, వంకగట్టున దొరికిన తాబేలు నొకదానిని చొక్కాలో చుట్టి ఇంటికి తెచ్చి, పశువుల కొట్టమున చీకటి మూలను గంపక్రింద నుంచి, దినమునకు రెండుమాఱులు పాలన్నము పెట్టితిని. నాకు ప్రియమైనది దానికిని ప్రియమగునని నా నమ్మకము. మా అవ్వ చూచి, “ఒరేయ్, దాని ఇల్లు దాని వీపు మీదనే ఉంది గదరా! మళ్లా నీ గంపెందుకు దానికి?” అని నవ్వినది. నేను వినలేదు. కొన్ని వారములకు డిప్ప అంచును వ్రేలితో నొక్కినచో తడిసిన అట్టవలె లొంగుచుండెను. అది పెరుగుదల కాబోలునని సంతోషించితిని. సంక్రాంతి రాకమునుపే అది చనిపోయెను. కుక్కయైనచో వాకిట నిలిచి మూలిగియుండును, దూడయైనచో అంబా అని పిలిచియుండును. తాబేలు ఏ చప్పుడును చేయలేదు. అది చనిపోయిన దినము నాకు తెలియదు. నేను గంప ఎత్తిన దినము మాత్రమే తెలియును.

దాని మరణకారణము చాలకాలమునకు గాని నాకు బోధపడలేదు. సరీసృపములను శీతరక్త ప్రాణులని బడిలో చదివి, వానికి వేడితో పని లేదని అర్థము చేసికొన్నవారు నావంటి వారు పెక్కుమంది. నిజము దీనికి తలక్రిందు. మనము తిన్న సంగటిని మండించి మన దేహమునకు కావలసిన వెచ్చదనమును మనమే పుట్టించుకొందుము. తాబేలును, తొండయు, పామును ఆ వెచ్చదనమును ఎండనుండియు, ఎండకు కాగిన బండనుండియు అరువు తెచ్చుకొనును. ఎండలేనిదే తిన్నది జీర్ణము కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణము సోకనిదే దేహమున డి విటమిను పుట్టదు. అది పుట్టనిదే తిన్న సున్నపు సారము ఎముకకును డిప్పకును పట్టదు. పచ్చగడ్డి, జెముడు, రాలిన పండ్లు తిని బ్రతుకు ప్రాణికి నేను పెట్టిన పాలన్నము ఒక అపచారము. దానిమీద కప్పిన గంప అంతకు మించిన అపచారము. నేను ఆకలిని తీర్చుచున్నాననుకొని సూర్యునే దూరము చేసితిని.

కావున సరీసృపమును సాకుట యనగా ముద్దు చేయుట గాదు. దానికి తానే సూర్యుడై నిలుచుట. ఎక్కడ ఎంత వెచ్చన, ఎక్కడ ఎంత చల్లన, ఏ వేళ వెలుగు, ఏ వేళ చీకటి, ఎంత తేమ, ఏ మేత అని దినదినమును లెక్క తప్పక చూచువానికే ఆ అర్హత. అది పేరు పెట్టి పిలిచినచో రాదు, తోక ఆడింపదు, బాధను ముఖమున చూపదు. ప్రతిఫలమును కోరని ప్రేమ యను మాటను మనము సభలలో సులువుగా పలుకుదుము. దానికి సరియైన పరీక్ష తాబేలే. ఆ పరీక్షయు పది దినములది కాదు. నక్షత్ర తాబేలు దశాబ్దముల తరబడి బ్రతుకును. పెంచదలచినవాడు ముందుగా తన మనుమని సమ్మతిని అడిగి తెచ్చుకొనవలయును.

ఐనను మన దేశమున దీనిని అడిగి తెచ్చుకొనుటకును వీలులేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని పట్టుటను, అమ్ముటను నిషేధించినది. 2022 సవరణ దీనిని మొదటి షెడ్యూలునకు ఎక్కించినది. అంతర్జాతీయ వర్తకమును నియమించు సైటీస్ ఒడంబడిక 2019లో దీనిని అత్యంత కఠినమైన మొదటి అనుబంధమున చేర్చినది. ఇన్ని కట్టుబాట్లు ఏల అనువారికి ఒక్క లెక్క చాలును: భారతదేశములోని ఒకే వర్తక కేంద్రమునకు ఏటా కనీసము 55,000 నక్షత్ర తాబేళ్లు అడవినుండి చేరుచున్నవని 2015లో వెలువడిన ఒక పరిశోధన అంచనా కట్టినది. ఇంట తాబేలున్నచో సిరి నిలుచునని ఇక్కడి విశ్వాసము. వింతప్రాణి యున్నచో గౌరవము పెరుగునని విదేశపు వేడుక. రెండింటికిని నడుమ సూట్‌కేసులలో, కాళ్లును తలయు కదలకుండ అంటుపట్టీలు చుట్టబడి, మన మెట్టనేలల నక్షత్రములు విమానములెక్కుచున్నవి.

పట్టుబడిన తాబేళ్లను ఏదో ఒక అడవిలో వదలినచో చాలునా? చాలదు. వాయవ్య భారతపు తాబేళ్లును దక్షిణాది తాబేళ్లును వంశరీత్యా వేఱు. రోగములును వానితో పయనించును. సింగపూరున పట్టుబడి తిరిగివచ్చిన తాబేళ్ల పుట్టినచోటును హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఎ. ద్వారా వెదకి, ఆ వృత్తాంతమును 2006లో ప్రకటించిరి. చొక్కాలో చుట్టి తెచ్చుటకు ఒక్క నిమేషము. మరల ఇల్లు చేర్చుటకు ఒక ప్రయోగశాల.

ఇక మనుష్యుని సంరక్షణలో జరుగు సంతానోత్పత్తి మాట. అదియు స్వతహాగా దోషము గాదు. నదులలో మొసళ్లు అంతరించుచున్న కాలమున, 1975లో ప్రభుత్వము మొసళ్ల సంరక్షణ పథకమును ప్రారంభించి, గ్రుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచి నదులలో విడిచిపెట్టినది. మఱుసటి యేట చెన్నపట్టణము చెంత రాములస్ విటేకర్ స్థాపించిన మొసళ్ల బ్యాంకులో మగ్గర్ మొసళ్లు ఎంతగా పెరిగినవనగా, వదలుటకు నదులు చాలక, గ్రుడ్లు పొదుగకుండ ఆపవలసి వచ్చెను. పుట్టించుట తెలిసినవానికి ఆపుట కూడ తెలియవలయును. మొసలియందును తాబేలునందును గ్రుడ్డు పొదుగు వేడినిబట్టియే ఆడయో మగయో నిర్ణయమగును. ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఒక తరము రూపు మాఱును. అంతటి అధికారము చేతికి వచ్చినవాడు వేడుకకై పొదిగింపరాదు. నేడు బెంగళూరు నుండి మన పట్టణములకు దిగుచున్న ఇగ్వానాలును, బాల్ పైథానులును కొనువారు ఈ మాట గుర్తుంచుకొనవలయును: సైటీస్ పట్టికలోని ప్రాణులను ఇంట నుంచుకొన్నవారు వానిని నమోదు చేయవలెనని, జననమరణములను సైతము తెలుపవలెనని 2024 నాటి కేంద్ర నిబంధనలు చెప్పుచున్నవి.

అట్లైన ఈ ప్రాణులను ప్రేమించుటకు మార్గమేది? మన పెద్దలు చూపిరి. మా ఊరికి అంత దూరము లేని లేపాక్షిలో, పదునాఱవ శతాబ్దపు శిల్పి ఏడు పడగల నాగమును చుట్టలు చుట్టించి, లింగమునకు గొడుగుగా ఏకశిలలో నిలిపినాడు. పాము మెడ వంపును, పడగ విప్పును అంత తెలిసి చెక్కినవాడు పొలముగట్టున నిలిచి ఎన్ని మాఱులు దానిని చూచినాడో! అతడు రూపమును మాత్రమే తీసికొన్నాడు. ప్రాణమును పుట్టలోనే విడిచినాడు. విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండిన పాట్రిక్ రసెల్ 1796లో పాములపై గ్రంథము ప్రకటించునపుడు తెలుగువారి నోటి పేర్లనే వ్రాసికొన్నాడు. మన ‘బంగారు పాము’ నుండియే కట్లపాముల జాతికి ‘బంగారస్’ అను శాస్త్రనామము కలిగినది. రక్తపింజరిని అతనికి ‘కాటుక రేకుల పొడ’ అని చెప్పిన ఆ అజ్ఞాత గ్రామీణుడు, చంపవచ్చిన విషసర్పము వీపుమీద కాటుక దిద్దిన రేకులను చూడగలిగినవాడు. భయమును దాటి నిలిచిన ఆ చూపే అసలైన రసికత. పుట్టను త్రవ్వక, దానియొద్దకే పోయి మ్రొక్కి మరలి వచ్చు నాగుల చవితి ఆచారమందును ఆ మర్యాదయే కలదు. పాలు పామునకు ఆహారము కాదను ఒక్క సంగతిని దానికి చేర్చుకొన్నచో చాలును.

నేను గంప ఎత్తి అఱువదేండ్లు దాటినది. నేడును తొలకరి కాలమున మా ఊరి దాపునబోవు 44వ నంబరు రహదారిమీద ఒక్కొక్క తాబేలు అడ్డముగా నడచుచుండును. పాఠకుడా, నీ కంట బడినచో ఇంటికి తేవద్దు; జాలితో కుంటలో వేయవద్దు, అది మెట్టప్రాణి, మునిగిపోవును. వెనుక బండ్లు రాకుండ చూచి, రెండుచేతులతో పట్టి, అది ఏ దిక్కునకు పోవుచున్నదో ఆ దిక్కునకే రోడ్డు దాటించి, గడ్డిలో వదలి, నీ దారిన నీవు పొమ్ము.