చిన్నవీ, చిన్నబుచ్చినవీ

అందమైన చిన్న వస్తువుల మీద మోజు ఉండటం తప్పా? స్త్రీవాదం మాట్లాడే మనిషి ఇంట్లో ఏటికొప్పాక భరిణెలు, కొండపల్లి ఎడ్లబండి, టీపాయ్ మీద లేసుగుడ్డ, సోఫాలో పిల్లి ఉంటే అది ఆమె రాజకీయాలకి విరుద్ధమా? ఈ ప్రశ్నని నా విద్యార్థినులు నవ్వుతూ అడిగారు, తోటి అధ్యాపకులు నవ్వకుండా అడిగారు. "మీ ఇల్లు చూస్తే ఆ వ్యాసాలు రాసింది మీరేనా అనిపిస్తుంది" అన్న స్నేహితురాలు కూడా ఉంది. పైకి సరదాగా కనబడే ఈ ప్రశ్న వెనక ఇంకొకటి ఉందని నాకనిపిస్తుంది. మనకి ఆనందం ఇచ్చే వస్తువుకి, దాన్ని చేసిన మనిషికి, మన ఒళ్ళో పడుకునే ప్రాణికి మనం ఏం బాకీ పడతాం?

దీనికి రెడీమేడ్ జవాబులు రెండున్నాయి. 'ఇదంతా ఆడవాళ్ళని ఇంటికి కట్టిపడేసే మాయ, వినియోగ సంస్కృతి' అన్నది ఒకటి. 'నా ఇల్లు, నా డబ్బు, నా ఇష్టం' అన్నది రెండోది. రెండిట్లోనూ కొంత నిజం ఉంది. రెండూ నాకు చాలవు.

మొదటి జవాబులో పాత చిన్నచూపే ఉంది. శ్రీశ్రీ 'ఋక్కులు' రాశాక ఎంత అల్పమైన వస్తువైనా కవిత్వానికి పనికొస్తుందని తెలుగు సాహిత్యం ఒప్పుకుంది. అదే వస్తువు ఆడదాని చేతిలో ఉంటే మాత్రం అది కాలక్షేపం! మా అమ్మ పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. ఆమె జీవితంలో ఊరు ఆమె ఎంచుకున్నది కాదు, ఇల్లు ఆమె ఎంచుకున్నది కాదు, పెళ్ళి అసలే కాదు. బొంత అంచుకి ఏ రంగు వెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు, ఎవరూ కాదనలేదు. ఆకుపచ్చ పక్కన వంగపండు రంగు పెట్టి, దూరంగా జరిగి, తల పక్కకి వంచి చూసుకునేది. ఆ చూపుని ఇంట్లో అందరూ పొదుపు అన్నారు. కళ అని ఎవరూ అనలేదు.

అమెరికాలో మిరియం షాపిరో, మెలిస్సా మేయర్ 1977-78లో 'హెరెసీస్' అనే స్త్రీవాద పత్రికలో ఇలాంటి పని గురించే రాశారు. గుడ్డపేలికలు, బొత్తాలు, లేసుముక్కలు దాచి, అతికి, కుట్టి ఆడవాళ్ళు చేసే దానికి 'ఫెమాజ్' అని పేరు పెట్టారు. కొలాజ్‌ని ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారులు కనిపెట్టారని కళాచరిత్ర చెబుతుంటే, అంతకు ముందునుంచే ఇళ్ళల్లో అది జరుగుతోందని గుర్తుచేశారు. ఆలిస్ వాకర్ 1974లో రాసిన వ్యాసంలో తన తల్లి పెంచిన పూలతోటని ఒక కళాకారిణి పనిగా చూసింది. మనకి అబ్బూరి ఛాయాదేవి గారు ఉన్నారు. 'తన మార్గం' కథలకి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న ఆమె, పనికిరావని పారేసే వస్తువులతో బొమ్మలు చేసేవారు. కథ రాసే చెయ్యీ బొమ్మ చేసే చెయ్యీ ఒకటే అయినందుకు ఆమె ఆలోచన ఎక్కడా పలచబడలేదు.

ఇక రెండో జవాబు. 'నా ఇష్టం' అన్న మాట నా చూపుని నా గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. వస్తువు నా దగ్గరికి రాకముందు ఎవరి ఒళ్ళో ఉందో అడగనివ్వదు. నరసాపురం లేసు సంగతే చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకి వచ్చిన అల్లిక ఇది. 1970ల చివర్లో జర్మన్ సోషియాలజిస్టు మరియా మీస్ అక్కడ పరిశోధన చేసి, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పుస్తకం తెచ్చారు. వంటా వార్పూ, పిల్లలూ, నీళ్ళూ అన్నీ చూసుకుంటూనే రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే ఆడవాళ్ళు అందులో కనిపిస్తారు. వాళ్ళకొచ్చేది వ్యవసాయ కూలి కంటే తక్కువ. లేసు విదేశాలకి పోయేది. లాభం ఎగుమతిదారులకీ, నడుమ వ్యాపారం చేసే మగవాళ్ళకీ పోయేది.

ఇంత పని ఇంత చవగ్గా ఎలా దొరికింది? దాన్ని పని అని ఎవరూ అనలేదు కాబట్టి. వాళ్ళు కార్మికులు కారు, గృహిణులు. తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారు, అంతే! గోషా పాటించే కులాల్లో పొలానికి పోకుండా గడప లోపల కూర్చుని అల్లడం పరువు కూడా. ఆ పరువు ఖరీదు వాళ్ళ కూలిలోంచే పోయింది. పని చేసే మనిషిని 'ఇంట్లో ఉండే ఆవిడ'గా లెక్కగట్టి కూలి తగ్గించే ఈ పద్ధతికి మీస్ 'హౌస్‌వైఫైజేషన్' అని పేరు పెట్టారు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఊరికి దక్కిన గుర్తింపు. అల్లిన మనిషి పేరు మాత్రం దుకాణంలో ఏ గుడ్డ మీదా నాకు కనబడలేదు.

లేసు చిన్న వస్తువే. ఆ లేసు వెనక ఉన్న పని చిన్నది కాదు, దాన్ని చిన్నబుచ్చారు. ఈ రెండు మాటలూ మన భాషలో పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య తేడాలోనే నా ప్రశ్నకి జవాబు ఉందనుకుంటాను.

జంతువుల దగ్గర ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పెద్ద తల, పెద్ద కళ్ళు, గుండ్రటి బుగ్గలు చూడగానే మనకి ముద్దొస్తుందనీ, సాకాలనిపిస్తుందనీ కొన్రాడ్ లోరెంజ్ 1943లో రాశాడు. పసివాళ్ళు బతకడానికి పనికొచ్చే ఏర్పాటు అది. మనుషులు ఆ కొలతలకి సరిపడా కుక్కల్ని తయారుచేశారు. పగ్ మూతిని తరతరాలుగా కుదించుకుంటూ వచ్చారు. ఎముక కురచైంది గానీ లోపలి మెత్తటి కండ అంతగా తగ్గలేదు. అది గాలి దారికి అడ్డం పడుతుంది. ఆ కుక్క నిద్రలో గురక పెడితే, నాలుక బయటపెట్టి రొప్పితే మనకి నవ్వొస్తుంది. అది చేస్తున్నది ఊపిరి కోసం యాతన. కుక్కలు ఒంటి వేడి తగ్గించుకునేది ప్రధానంగా రొప్పడం వల్లే. మన మే నెల ఎండల్లో ఆ ముక్కుతో బతకడం ఎంత కష్టమో ఊహించవచ్చు. 2003లో ఒక మొబైల్ కంపెనీ ప్రకటనలో చిన్న పిల్లాడి వెంట నడిచిన పగ్‌ని చూసి మన నగరాల్లో ఎందరో ఆ జాతి కుక్కపిల్లల కోసం ఎగబడ్డారు. మూతి పొడవు తల పొడవులో మూడో వంతు కూడా లేని కుక్కలతో పిల్లల్ని పెట్టించకూడదని నెదర్లాండ్స్‌లో 2019లో నియమం పెట్టారు. అక్కడ కొలత ముక్కుదే గానీ అసలు ప్రశ్న ఊపిరిది.

ఈ పద్ధతి ఆడవాళ్ళకి కొత్తదేం కాదు. 'పిల్ల' అన్న మాట చూడండి. కుక్కపిల్ల, మేకపిల్ల, పెళ్ళిచూపుల్లో పిల్ల. అవతల మాత్రం 'అబ్బాయి'! ముద్దు చేసేటప్పుడు పసిపాపనీ, పిల్లికూననీ కూడా 'బుజ్జిముండ' అంటాం. భర్త పోయిన ఆడదాన్ని అవమానించే మాట గారాబంలోకి ఎప్పుడొచ్చి కూర్చుందో ఎవరూ పట్టించుకోలేదు. ముద్దుకీ హీనపరచడానికీ మధ్య గోడ అంత పలచన. ఛాయాదేవి గారి 'బోన్సాయ్ బ్రతుకు' కథ ఇక్కడే నాకు మళ్ళీ మళ్ళీ గుర్తొస్తుంది. ఇంటి అలంకారానికి కుండీలో పెంచిన ఆ చెట్టు ఎంత ముచ్చటగా ఉన్నా, గాలివాన వస్తే దాన్ని ఎవరో ఒకరు లోపల పెట్టాలి. బయట స్వేచ్ఛగా పెరిగిన చెట్టు అదే వానలో ఇంకొకరికి నీడ ఇస్తుంది. ఆమె తప్పుపట్టింది మొక్కని కాదు. కత్తిరించి, కట్టి, ఇక పెరగనివ్వని చేతిని.

హాస్యానికీ ఇదే కొలత వాడి చూస్తుంటాను. పెళ్ళాల మీద జోకులు మన పత్రికల్లో, సినిమాల్లో దశాబ్దాలుగా ఉన్నాయి. వాటిలో భార్య చీర కోసం ఏడుస్తుంది, వంట పాడుచేస్తుంది, భర్త జేబు ఖాళీ చేస్తుంది. ఆమెకి ఇంకో పని ఉండదు. నవ్వు రావాలంటే ముందు ఆమెని పొట్టి చెయ్యాలి. భానుమతీ రామకృష్ణ 'అత్తగారి కథలు'లో కూడా అత్తగారిని చూసి నవ్వుతాం. కానీ ఆ అత్తగారు తన పట్టుదలలతో, తన తర్కంతో, తన అమాయకత్వంతో నిండుగా నిలబడి ఉంటుంది. నవ్వు అయిపోయాక ఆమె మనకి ఇంకాస్త దగ్గరవుతుంది. తెలుగు కథల్లో కోడలు అత్త గురించి చెప్పడమంటే సాధారణంగా కక్ష తీర్చుకోవడమే అయిన చోట, ఇది చిన్న సంగతేం కాదు.

కాబట్టి చిన్నవాటిని ప్రేమించడంలో తప్పు లేదనే నా ఉద్దేశం. ఆ ప్రేమ కోసం ఎవరినైనా చిన్నబుచ్చామా అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఈ వస్తువు, ఈ ప్రాణి, ఈ నవ్వు నాకు దొరకడానికి ఎవరి కూలి, ఎవరి ఊపిరి, ఎవరి ఎత్తు తగ్గింది? మా ఇంట్లో ఉన్నది వీధి పిల్లి. పిలిస్తే రాదు, నచ్చకపోతే గీరుతుంది. ఫోటోకి అసలు నిలబడదు. దాని మూతి దానికి పుట్టుకతో వచ్చిన మూతి. దాన్ని ముద్దు చెయ్యడానికి దాని అనుమతి కావాలి. ఆ అనుమతి అడగడం నాకిష్టం.

లేసు దగ్గర మాత్రం ఇంత తేలికగా తేలదు. కొనడం మానేస్తే నా మనసు కుదుటపడుతుందేమో గానీ, అల్లే మనిషి చేతికి ఆ కాస్త కూలి కూడా రాకుండా పోతుంది. కొంటే నడుమ ఉన్నవాళ్ళని పోషించినట్టవుతుంది. ఎగ్జిబిషన్ స్టాల్లో నేను బేరం ఆడను. కానీ నేను వదిలేసిన ఆ పది రూపాయలు ఆమెకి చేరతాయన్న నమ్మకం నాకు లేదు. ఒక్కొక్కరం విడివిడిగా మంచిగా కొనుక్కోవడం వల్ల తీరే సమస్య కాదిది. ఆ అల్లికని పనిగా లెక్కగట్టడం, గంటకింత అని కూలి కట్టడం, అల్లినవాళ్ళు సంఘంగా కూర్చుని ధర చెప్పడం, అప్పుడే ఏమైనా మారుతుంది. రాసేవాళ్ళం, పాఠాలు చెప్పేవాళ్ళం కనీసం మన వాక్యాల్లోంచి 'తీరిక వేళ అల్లుకునే' అన్న మాట తీసెయ్యగలం. స్టాల్లో నేను రెండే ప్రశ్నలు అడుగుతాను. ఇది అల్లిందెవరు? ఆమెకి ఎంత ఇచ్చారు? రెండో ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.